మాట అందించే మూల

11 జూలై 1948, ఆదివారం

ఒళ్లు మండుతున్నది. చర్చి నుంచి వచ్చి చీర సుత మార్చుకోలే. ముందు ఇది రాయాలె, లేకుంటే పోయి మార్త అక్క మీద అరుస్త.

రాజలింగం సేటు మా డ్రామాల హాలును, భద్రయ్య హాలును, రజాకార్లకు ఇచ్చేసిండు. నిన్న సాయంత్రం నేను సేటు బట్టల దుకాణంలనే ఉన్న. కొత్త డ్రామాల రాణి వేషానికి జరీ అంచు చూస్తున్న. ఖాకీ బట్టలోళ్లు ఐదుగురు వచ్చి, హాలు మాకు కావాలె అని చెప్పి పోయిన్రు. అడగలే, చెప్పి పోయిన్రు. సేటుకు చెమటలు పట్టినయి. వాళ్లు గల్లీ మలుపు తిరగంగనే గౌస్ మియాను పిలిచిండు. గౌస్ హాలు మిస్త్రీ, తాళంచెవి ఎప్పుడూ ఆయన నడుముకే ఉంటది.

"పోయి తాళం తీసియ్యి. లొల్లి వద్దు," అన్నడు సేటు.

"సేటూ, అది డ్రామాల జాగ. తుపాకులు తెచ్చి పెడతరు. రేపు మీకే తక్లీఫ్."

"హాలు నాది. తియ్యమన్న, తియ్యి."

గౌస్ నా దిక్కు చూసిండు, టీచరమ్మ ఒక మాట అంటదేమో అని. నేను జరీ అంచు చూస్తున్న. ఆడదాన్ని, మిషన్ బడిల పంతులమ్మను, నడిమిట్ల నేనేం మాట్లాడాలె. మాట్లాడేదుంటే మా ట్రూపు మగోళ్లు మాట్లాడాలె. వాళ్లెవ్వరూ ఆడ లేకపాయె. గౌస్ పోయి తాళం తీసిండు.

ఆ హాలు ఏమన్నా సేటు చెమటోడ్చి కట్టిందా? వాళ్ల నాయన భద్రయ్య కట్టించిండు, నేను పుట్టిన ఏడు. మద్రాసు నుంచి కంపెనీలొచ్చి నెలలకు నెలలు ఆడేటియట. తర్వాత బయస్కోపు వచ్చింది, డ్రామాలు బంద్ అయినయి. యుద్ధంల మిలిట్రీ కంబళ్లు నింపిన్రు. యుద్ధం అయిపోయినంక కంబళ్లు పోయినయి, చెదలు మిగిలింది. రెండేండ్ల కింద తలుపు తీస్తే గబ్బిలాలు మా మొఖాల మీదికి వచ్చినయి. సేటు ముక్కు మూసుకొని బయటనే నిలబడ్డడు. లోపలికి పోయింది గౌస్. పదకొండు నెలలు ఒక్కడే చేసిండు. మౌలాలిల పాత రైలు పెట్టెల పలకలు వేలంల దొరికితే తెచ్చి స్టేజీ పరిచిండు. పరదాలకు తాళ్లు కట్టిండు, నలభై తాళ్లు. స్టేజీకి కుడి దిక్కు నాకొక మూల చేసిండు. కూర్చునేటందుకు పీట, లాంతరు వెలుగు నా పుస్తకం మీదనే పడేటట్టు ఒక రేకు వంచి పెట్టిండు. ఇరవై ఏండ్ల సంది ప్రాంప్టింగ్ చేస్తున్న, వేషగాళ్లు మాట మరిస్తే పక్క నుంచి అందిచ్చుడు. బడి హాళ్లల్ల, షామియానాల కింద, నిలబడే చేసిన. నాకు కూర్చునే జాగ ఇచ్చిన మొదటి మనిషి గౌస్.

ఆ మూలల ఇయ్యాల ఎవడు కూర్చున్నడో.

14 జూలై

హాలు ముందరి నుంచి పోవుడు బంద్ చేసిన. మోండా మార్కెట్టు దిక్కు తిరిగి బడికి పోతున్న. కాళ్లు గుంజుతున్నయి. దీనికి సుత సేటే కారణం.

8 ఆగస్టు, ఆదివారం

అక్క అడిగింది, "చచ్చింది మనిషా, హాలా? గింత మొఖం ఎందుకు పెట్టినవు?" అని. ఆస్పత్రిల నర్సు పని చేసి చేసి ఆమెకు మనుషులు తప్ప ఇంకేం కండ్లకు ఆనవు. నేనేం చెప్తే ఆమెకు తెలుస్తది.

ప్రాంప్టింగ్ అంటే ఊరికే పుస్తకం చదువుడు అనుకుంటరు. స్టేజీ మీద మనిషి ఆగుడు రెండు రకాలు. ఒకటి, జనం చప్పట్లు కొట్టాలని ఆగుడు. అప్పుడు నోరు మూసుకోవాలె. రెండోది, మాట మరిచి ఆగుడు. అప్పుడు వాడు మెడ జెర నా దిక్కు తిప్పుతడు. ఆ మెడ కదలంగనే మాట అందియ్యాలె, వాడు ఊపిరి తీసే లోపల. ఆలోచిస్తే ఆలస్యం అయితది. అందుకే నేను ఆలోచియ్య. ఎవరన్నా ఆగితే నా నోట్లకెల్లి మాట దానంతట అదే వస్తది. బజార్ల కూరగాయలామెకు సుత అందిస్త.

సేటు రాజు వేషం కడతడు, హాలు ఆయనది కాబట్టి. ఒక్క ముక్క కంఠస్థం చెయ్యడు. నేనేం అంటే అదే అంటడు, చెవికీ నోటికీ నడుమ ఏం లేదు ఆ మనిషికి. పోయినేడు దర్బారు సీనుల గోందు కరిగి మీసం జారుతున్నది. "సేటూ, మీసం ఊడుతున్నది" అని మెల్లగ చెప్పిన. ఆయన కత్తి దూసి, "మంత్రీ, మీసం ఊడుతున్నది" అన్నడు. గౌస్ కడుపు పట్టుకొని నవ్వి నవ్వి పరదా వదిలేసిండు.

ఇది అక్కకు చెప్తే నవ్వింది. నాకు నవ్వు రాలే.

18 సెప్టెంబర్, శనివారం

యూనియన్ ఫౌజు వచ్చింది. పొద్దటి నుంచి రోడ్డు మీద బండ్లు, ట్యాంకులు. బేగంపేట దిక్కు నుంచి జనం ఉరుకుతున్నరు పూలు పట్టుకొని. హాలుల ఉన్న రజాకార్లు నిన్ననే గోడ దుంకి పోయిన్రట. తుపాకులు, టోపీలు ఆడనే పారేసిన్రట.

బన్సీలాల్‌పేటల బావి కాడ కొన్ని ఇండ్ల తలుపులు రెండు దినాల సంది తీస్తలేరు. గౌస్ ఇల్లు సుత ఆడనే. పోయి చూడాలె. రేపు పోత.

21 సెప్టెంబర్

పోలే ఇంటికి. హాలుల కలిసిండు గౌస్, నాకన్న ముందే వచ్చి ఊడుస్తున్నడు.

అడవి పరదాను చింపి పరుపులు చేసిన్రు. కుర్చీలు వంటకు కాల్చిన్రు. దర్బారు పరదాల సింహాసనం మీద గురి చూసి కాల్చిన తూట్లు పదమూడు. నా మూలల పొయ్యి పెట్టిన్రు, రేకు మాడి నల్లగయింది. నేను తిట్టిన తిట్లు మిషన్ బడిల ఎవరన్నా వింటే ఉద్యోగం పోయేది.

గౌస్ తిట్టలే. రేకు తీసి పైజామకు తుడిచి, "మళ్ల చేద్దాం టీచరమ్మా. ఒకసారి చేసినం గద," అన్నడు. కండ్లల్ల నీళ్లున్నయి.

24 సెప్టెంబర్, శుక్రవారం

గౌస్‌ను పట్టుకపోయిన్రు.

మిలిట్రీ మేజరు, ఆయన దుబాసీ వచ్చిన్రు, విచారణకు. సేటు స్టేజీ నడుమ నిలబడ్డడు. గౌస్ వెనుక తాళ్లు విప్పుతున్నడు. మేజరు అడిగిండు, రజాకార్లకు తాళం తీసింది ఎవరని. దుబాసీ తెలుగుల చెప్పిండు. సేటు గౌస్ పేరు చెప్పిండు. అంతే. తియ్యమన్నది నేను అని చెప్పలే. వద్దన్నడు అని చెప్పలే. పేరు చెప్పి ఊకున్నడు. ఇద్దరు జవాన్లు గౌస్ రెక్కలు పట్టుకున్నరు. గౌస్ పోంగ పోంగ ఒకసారి వెనుకకు చూసిండు.

సేటు మీద మన్ను పడ. మనిషి కాదు. దుకాణంల గజం కొలిచే కట్టెకున్న నీతి లేదు వానికి.

25 సెప్టెంబర్

సేటు చెప్పిండు. సేటే.

27 సెప్టెంబర్

పేరు చెప్పింది సేటు. అందరూ విన్నరు, సేటు నోటికెల్లి వచ్చింది. దుబాసీ రాసుకున్న కాగితంల సుత రాజలింగం చెప్పిండు అనే ఉంటది.

3 అక్టోబర్, ఆదివారం

గౌస్ భార్య హలీమా చర్చి గేటు కాడ నిలబడ్డది. బుర్ఖా మీద దుమ్ము. జైలు దాంక నడిచి పోయి నడిచి వచ్చిందట. చూడనియ్యలే, గేటు జవానుతోని ఒక్క మాట మాత్రం పంపిండట, టీచరమ్మను అడుగు అని. "టీచరమ్మా, మీకు ఇంగ్లీషు వస్తది. ఒక అర్జీ రాసియ్యండి. మిమ్మల్ని ఆయన ఇంట్ల మనిషి లెక్క చెప్తుండె," అన్నది.

రాసిచ్చిన. పేజీ నిండ రాసిన, మంచి ఇంగ్లీషు. మనిషి నెమ్మదస్తుడు, పనిమంతుడు, కుటుంబం పరేషాన్‌ల ఉన్నది, దయ చూపాలె అని. దుకాణంల సేటు అన్న మాట రాయలే. రాస్తే హాలు జప్తు చేస్తరు. హాలు పోతే గౌస్ బయటికొచ్చి సుత ఏం చేస్తడు? ఆయన మంచికే రాయలే.

హలీమా అర్జీని కండ్లకద్దుకున్నది. ఎందుకు అద్దుకోవాలె? నాకు కోపం వచ్చింది.

17 అక్టోబర్, ఆదివారం

సేటు హాలు మళ్ల బాగు చేయిస్తున్నడు. గోడలకు సున్నం, గేటుకు కొత్త జెండా. వచ్చే నెల ఇరవైనాడు హాలు తెరుస్తడట, మేజరు సాబే ముఖ్య అతిథి. సాయంత్రం ఐదింటికే డ్రామా షురూ, కర్ఫ్యూ లోపల ఇడిచిపెట్టాలె. తాళ్లు కట్టేటందుకు రాములు అనే కొత్త మిస్త్రీని పెట్టిండు. రాములు మంచం నవారు తప్ప ఇంకోటి కట్టినట్టు లేదు. గుంజితే అడవి రావాలె, దర్బారు సగం వచ్చి వేలాడుతున్నది. "ఈ ముడులు ఎవడు వేసిండో గాని, నాకు విప్ప రాదు, కోసేస్త," అంటున్నడు. కోస్తే చెయ్యి విరుస్త అన్న. బిత్తరపోయి చూసిండు.

ఇంటికొచ్చి ఇదంత అక్కకు చెప్పిన. సేటును మళ్ల తిట్టిన. అక్క బియ్యం ఏరుకుంట వింటున్నది. తల ఎత్తకుంటనే అన్నది, "దుకాణంల సేటు తియ్యమన్నప్పుడు నువ్వున్నవు గద. పోయి మేజరుకు చెప్పరాదు?"

"నా మాట ఎవరు వింటరు?"

"చెప్పినంక తెలుస్తది."

ఆమెకేం తెలుసు. మిషనోళ్లు ఉద్యోగం తీస్తే ఇద్దరం ఏం తినాలె? మూడు దినాలు అక్కతోని మాట్లాడ.

20 అక్టోబర్

మాట్లాడలే.

2 నవంబర్, మంగళవారం

ఇయ్యాల ఐదో తరగతిల మేబెల్ అనే పిల్ల పద్యం అప్పజెప్తున్నది. మూడో పాదంల ఆగింది. నేను అందిచ్చిన. నాలుగో పాదంల ఆగింది. అందిచ్చిన. పిల్ల కండ్ల నీళ్లు పెట్టుకున్నది. "నాకొస్తది టీచర్. జెర ఆగండి. మీరు చెప్తే నేనేం చెప్పాలనుకున్ననో మరిచిపోతున్న," అన్నది.

తరగతి అయిపోయినంక చాలాసేపు కుర్చీలకెల్లి లేవలే.

ఇగ రాయాలె. ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. నాకు నేనే అబద్ధం రాసుకుంటున్న నెల సంది.

ఇరవై నాలుగో తారీఖునాడు నేను నా మూలల ఉన్న. మాడిన కాగితాలల్ల డ్రామా పుస్తకం పేజీలు ఏరుకుంటున్న. మేజరు అడిగిండు. దుబాసీ చెప్పిండు. సేటు స్టేజీ నడుమ నిలబడి, "తాళం తీసింది..." అని ఆగిండు. మెడ నా దిక్కు తిప్పిండు.

"గౌస్," అన్న నేను.

"గౌస్," అన్నడు సేటు.

అంతే జరిగింది. నేను ఆలోచియ్యలే. అబద్ధం సుత కాదు, తీసిన చెయ్యి గౌస్‌దే. కాని అది మాట మరిచిన ఆగుడు కాదని నాకెరుకే. భయపడి ఆగిండు. నేను అందియ్యకుంటే ఏం చెప్పేటోడో. గౌస్ పేరే చెప్పేటోడా? తియ్యమన్నది నేనే అని చెప్పేటోడా? ఏమో, మనిషి ఎంత పిరికోడైనా ఒక్కోసారి నిజం జారుతది. ఇగ అది ఎవ్వరికీ తెలవదు. ఆ జాగ నేను నింపేసిన. గౌస్ నాకు కట్టిచ్చిన మూలల కూర్చొని, గౌస్ పేరు అందిచ్చిన.

తర్వాతనన్న నోరు తెరిస్తే అయిపోతుండె. ఆడనే, ఆ నిమిషంలనే, తియ్యమన్నది సేటు అని చెప్తే అయిపోతుండె. జవాన్లు రెక్కలు పట్టుకున్నప్పుడు నేను మాడిన పేజీలు వరుసకు పెట్టుకుంటున్న.

సేటు మీద రాసిన తిట్లన్నీ పైన ఉన్నయి. కొట్టెయ్య. వాడు దానికి తగినోడే. కాని వాటిల సగం నాయి.

18 నవంబర్

సేటు పిలిచిండు. ఎల్లుండి మేజరు ముందర మాట్లాడేటందుకు ఉపన్యాసం రాసియ్యాలట. రాసిచ్చిన. "కంఠస్థం చెయ్యండి" అన్న. "నువ్వు మూలల ఉంటవు గద, కాంతమ్మా" అని నవ్విండు.

ఉంట.

20 నవంబర్, శనివారం

వరుసగ రాస్త.

హాలు నిండింది. మేజరు ముందు వరుసల, పక్కన దుబాసీ. రాములు గుంజంగ గుంజంగ పరదా సగం దాంక లేచింది. సేటు రాజు వేషంలనే ముందరికి వచ్చి దండం పెట్టిండు. షురూ చేసిండు, నేను అందిస్తున్న.

"ఈ హాలును మా నాయన భద్రయ్య కట్టించిండు." కట్టించిండు అన్నడు. "చెదలు పట్టిన హాలును రెండేండ్ల కింద మళ్ల నిలబెట్టినం." నిలబెట్టినం అన్నడు. చప్పట్లు. "మొన్నటి కష్టకాలంల దుర్మార్గులు దీన్ని పట్టుకున్నరు." పట్టుకున్నరు అన్నడు. ఆగిండు. మెడ నా దిక్కు తిప్పిండు.

కాగితం మీద నేను రాసింది వేరే. యూనియన్ ఫౌజుకు వందనాలు అని రాసున్నది.

"వాళ్లకు తాళం తియ్యమన్నది నేను," అన్న.

"వాళ్లకు తాళం తియ్యమన్నది నేను," అన్నడు సేటు, రాజు గొంతుతోని, చెయ్యెత్తి.

"గౌస్ వద్దన్నడు. నేనే వినలే."

"గౌస్ వద్దన్నడు. నే..."

అప్పుడు చెవికెక్కింది. మొఖం మీద రంగు కింద ఇంకో రంగు వచ్చింది. దుబాసీ మేజరు చెవుల చెప్తున్నడు. మేజరు లేచి నిలబడి అడిగిండు, ఇది నిజమా అని.

"ఆ మాట నాది కాదు సాబ్. ఆమె అందిచ్చింది. ఆ మూలల ఉన్నది చూడండి, ఆమె అందిచ్చింది," అని సేటు నా దిక్కు చెయ్యి చూపిండు.

ఇరవై ఏండ్లల్ల నేను స్టేజీ మీదికి పోలే. పోయిన. గౌస్ పరిచిన పలకలు, చెప్పుల కింద చప్పుడు సుత చెయ్యలే. వెలుగు మొఖం మీద పడితే జనం కనపడరని నాకు అప్పటిదాంక తెలవదు.

"ఔ. నేనే అందిచ్చిన," అన్న. "ఆనాడు గౌస్ పేరు సుత నేనే అందిచ్చిన. ఈయన ఆగితే నేను చెప్పిన, నేను చెప్తే ఈయన అన్నడు. జూలైల దుకాణంల తాళం తియ్యమన్నది ఈయన. వద్దని కొట్లాడింది గౌస్. నేను ఆడనే ఉన్న, రెండు చెవులతోని విన్న. రెండు నెలలు నోరు మూసుకున్న. రాసుకోండి. నా పేరు కాంతమణి, మిషన్ బడిల టీచర్‌ను."

దుబాసీ రాసుకున్నడు. మేజరు సేటును మళ్ల అడిగిండు, ఈమె చెప్పేది అబద్ధమా అని. సేటు నోరు తెరిచి, "అది..." అని ఆగిండు. మెడ నా దిక్కు తిప్పిండు. దేవుని సాక్షిగ, అప్పుడు సుత తిప్పిండు.

అందియ్యలే. హాలు మొత్తం ఆయన ఏమంటడా అని చూసింది. ఆయన అట్లనే నిలబడ్డడు, కిరీటం పెట్టుకొని.

డ్రామా ఆడలే. జనం తిట్టుకుంట పోయిన్రు. ఇంటికొచ్చి అక్కకు చెప్పిన. అక్క అన్నం పెట్టింది. తిన్న.

26 నవంబర్

సేటును రెండు దినాలు పిలిచి అడిగిన్రు, ఇంటికి పంపిన్రు. పెద్దమనిషి కద, కుర్చీ వేసి అడిగి ఉంటరు. గౌస్ రెండు నెలల నుంచి నేల మీద పండుకుంటున్నడు. బడిల నా మీద మీటింగ్ పెట్టిన్రు. ఉద్యోగం ఉంచుతరో తీస్తరో చెప్తలేరు. తీస్తే తియ్యని. హాలుకు మాత్రం నన్ను రానియ్యద్దని సేటు గేటు కాడ చెప్పి పెట్టిండట.

2 డిసెంబర్, గురువారం

గౌస్‌ను నిన్న వదిలిన్రు. ఇయ్యాల బడి అయిపోయినంక మా ఇంటికి వచ్చిండు.

గుర్తుపట్టేటట్టు లేడు. గడ్డం నెరిసింది, అంగీ భుజాల మీదికెల్లి జారుతున్నది. కూర్చోమన్న, కూర్చోలే. మెట్ల కింద నిలబడ్డడు. అక్క చాయ్ ఇస్తే తీసుకున్నడు. హాలుకు పోయి వచ్చిండట. సేటు ఎదురు రాలేదట. రాములు వేసిన ముడులు చూసిండట, అన్నీ విప్పి కట్టాలె, నెల పడతది అన్నడు. సేటు కోసం కాదు, తాళ్లు తనయి అన్నడు.

"గౌస్ మియా, ఆనాడు పేరు చెప్పింది..." అని నేను మొదలు పెట్టిన.

"ఎరుకే," అన్నడు. "తాళ్ల కాడ ఉన్న గద. రెండేండ్ల సంది వింటున్న గొంతు. ఎరుక పట్టనా?"

ఎరుకుండి భార్యకు చెప్పలే. ఆమెను నా దగ్గరికే పంపిండు అర్జీకి. నేను చెప్తనేమో అని రెండు నెలలు చూసిండు. ఈ మనిషి నన్ను తిడితే బాగుండు. కొట్టినా బాగుండు.

చాయ్ కప్పు మెట్టు మీద పెట్టిండు. సంచిల నుంచి ఒకటి తీసి కప్పు పక్కన పెట్టిండు. నా మూలల లాంతరు రేకు. మసి గీకి, వంకర సరి చేసి తెచ్చిండు.

"టీచరమ్మా," అన్నడు. "నేను మిమ్మల్ని మాఫ్..."

ఆగిండు.

మెడ నా దిక్కు తిప్పలే. నేలను చూస్తున్నడు. ఆ తర్వాతి మాట చేసిన అనొచ్చు. చెయ్య అనొచ్చు. నా నోట్లకు ఒక మాట వచ్చింది, నాకు కావలసిన మాట, నాలుక కొసకు వచ్చి నిలబడ్డది. పండ్లు బిగబట్టి మింగిన.

చాయ్ సల్లగయింది. ఆఖరికి ఆ మాట పూర్తి చెయ్యకుంటనే సంచి భుజానికి వేసుకొని బన్సీలాల్‌పేట దిక్కు పోయిండు.